ఎర్రదారం, పసుపుదారం

కాదు తల్లీ, అలా కాదు. "పొరపాటున" అని రాశావా? కొట్టెయ్. నేనామాట అనలేదు. కావాలనే చేశాను అని రాయి. నేను చెప్పింది చెప్పినట్టు రాయి, నీ పుస్తకాల్లో ఉన్నట్టు సర్దకు.

నిదానంగా చెప్తాను. చెయ్యి నొప్పెడితే ఆగు, నాకేం తొందరలేదు. తొందర ఉన్నది ఎల్లుండికి. ఎల్లుండి పాత ఇనుము కొనేవాడొస్తాడు. షెడ్డులో టార్పాలిన్ కింద ఉన్న జీపునీ, బల్లమీదున్న దాని ఇంజన్నీ, రెండూ లారీకెత్తుకుని పోతాడు. వాడితో మాట్లాడింది మీ నాన్నే. ఆ లోపల మీ నాన్నకి తెలియాల్సిన ముక్క ఒకటుంది. అది నాకొక్కడికే తెలుసు.

ఫోన్లో చెప్పొచ్చుగా అంటావు. మూడుసార్లు చేశాను. "బాగున్నావా బాబూ" అంటాను. "బాగున్నాను మామయ్యా, మందులు వేసుకుంటున్నారా" అంటాడు. మందుల దగ్గరికొచ్చేసరికి నా నోరు పడిపోతుంది. కాగితమైతే మధ్యలో మందుల సంగతి అడగదు.

రాస్తున్నావా? ఊఁ.

ఆ జీపుకి నేను ముప్ఫై ఏళ్ళు డ్రైవర్ని. రోడ్లు వేసే కంపెనీ. రోడ్డు వెయ్యడానికి ముందు కొలతలు కొలిచేవాళ్ళుంటారే, వాళ్ళని ఎక్కించుకుని రోడ్డింకా పుట్టని చోటికి పోవాలి. మోకాలిలోతు బురద. గేరు పక్కన ఇంకో పొట్టి కర్ర ఉంటుంది చూడు, అది వెనక్కి లాగితే నాలుగు చక్రాలూ ఒక్కసారి పట్టుకుంటాయి. గేదె ఒడ్డెక్కినట్టు ఎక్కేది. నేను పని మానేసేటప్పుడు కంపెనీవాళ్ళు మెళ్ళో దండేసి, ఆ జీపు నాకే ఇచ్చేశారు. దండ వాడిపోయింది, జీపు మిగిలింది. మీ అమ్మమ్మ దాన్ని సవతి అనేది. "మీ రెండో ఆవిడకి నీళ్ళు పోశారా?" అని పొద్దున్నే అడిగేది. రేడియేటర్లోకిలే. నవ్వకు, రాయి.

మీ అమ్మ ఆ జీపు పక్కనే పెరిగింది. నేను దానికింద పడుకుని చెయ్యి చాపితే పానా అందించేది. దానికి అంకెలు బళ్ళో రాలేదు, పానాలమీద వచ్చాయి. "నాన్నా, పది-పదకొండా, పన్నెండు-పదమూడా?" అని అడిగేది. బళ్ళో టీచరు ఒకటినుంచి చెప్పమంటే పదినుంచి మొదలుపెట్టిందట. నాకూ అంతే, నా చదువంతా ఆ పానాలమీదున్న అంకెలే. అందుకేగా నిన్ను కూర్చోబెట్టి రాయిస్తున్నాను.

ఇక మీ నాన్న. గడియారాల మనిషి. అల్లుడిగా మా ఇంటికొచ్చిన రోజు నేను అతని మొహం కాదు, చేతులు చూశాను. గోళ్ళల్లో నలుపన్నది లేదు. కంటికి చిన్న గాజుగొట్టం బిగించుకుని, చీమకాలంత ముల్లుని పట్టకారుతో ఎత్తి పెడతాడు. మంచి పిల్లాడే అనుకున్నాను. నాకేం అడ్డం కాలేదు. అతని గడియారాలు అతనివి, నా జీపు నాది.

తర్వాత గడియారాలు పెట్టుకునేవాళ్ళు తగ్గిపోయారు. టైమెంతంటే అందరూ జేబులోంచి ఫోన్ తీస్తున్నారు. మీ నాన్న కొట్లో పొద్దుటినుంచి సాయంత్రందాకా గోడమీది గడియారాలే అతన్ని చూస్తుండేవి. అప్పుడతని కన్ను నా జీపుమీద పడింది.

జీపుకి అప్పటికే ఒంట్లో బాలేదు. నీలంపొగ వదిలేది, ఆయిలు తాగేసేది. మెట్టెక్కేటప్పుడు లోపల టకటకమనేది. వయసురా, నా మోకాళ్ళూ అంటున్నాయిగా అనుకుని వదిలేశాను. ఒకరోజు మీ నాన్న పొడుగాటి స్క్రూడ్రైవరు తెచ్చాడు. ఒక కొస ఇంజనుమీద ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని, కళ్ళు మూసుకున్నాడు. తర్వాత కళ్ళు తెరిచి, "మామయ్యా, రెండో పిస్టను కింద బేరింగు అరిగిపోయింది. ఇంకా నడిపితే క్రాంకుని తినేస్తుంది" అన్నాడు.

ముప్ఫై ఏళ్ళు ఆ చప్పుడు వింటూ బతికాను తల్లీ. నాకు తెలీలేదు. అతను అయిదు నిమిషాల్లో చెప్పేశాడు. నా పెళ్ళాం నాడి పక్కింటాయన పట్టుకుని రోగమేంటో చెప్పినట్టయింది నాకు. ఇది రాయకులే. రాసేశావా? సరే, ఉండనీ.

"మీరు ఊఁ అంటే ఇంటిదగ్గరే విప్పి కట్టేస్తాను" అన్నాడు. దాని వెనకాల ఇంకో సంగతుంది. మన వీధి చివర గ్యారేజీ మేస్త్రిని పని అడిగాడు మీ నాన్న. మేస్త్రి ఏమన్నాడంటే, "ఒక ఇంజను మొత్తం నీ చేత్తో కట్టు. కింద క్రాంకు దగ్గర బిగించేటప్పుడు నన్ను పిలువు, నా కళ్ళముందు తిప్పి చూపించు. తిరిగిందా, మర్నాడే పన్లోకి రా." అదీ సంగతి. ఆ ఇంజను తిరిగితే అతనికి బతుకుతెరువు. నేనేమంటాను? ఊఁ అన్నాను. పైకి ఊఁ, లోపల ఊహూఁ.

షెడ్డు దూలానికి గొలుసు కప్పీ కట్టి ఇంజను పైకి లేపాడు. అది లేస్తుంటే జీపు ముందుభాగం బరువు దిగినట్టు పైకొచ్చింది. ఆ ఇంజను నేనెప్పుడూ విప్పలేదు. నడిపాను, కడిగాను, తిట్టాను, ముద్దుచేశాను. విప్పలేదు. దాని లోపలేముందో నాకంటే ముందు అతను చూశాడు.

అతని పని పద్ధతి ఎలా ఉండేదంటే, గడియారం విప్పినట్టే. మీ అమ్మ పాత దుప్పటి బల్లమీద పరిచి, ఏది ఎక్కడినుంచి తీశాడో ఆ వరసలోనే పేర్చాడు. నాలుగు పిస్టన్లు, వాటికింద నాలుగు రాడ్లు. రాడ్డు కింది కొసన సగం గుండ్రం ఉంటుంది, మిగతా సగం క్యాపు. రెండూ కలిసి క్రాంకుని, అంటే కింద తిరిగే ఇరుసుని, పట్టుకుంటాయి. రాడ్డునీ క్యాపునీ కలిపి బిగించాకే ఆ గుండ్రం తొలుస్తారు. అందుకని దేని క్యాపు దానికే. ఒకదాని క్యాపు ఇంకోదానికి పెడితే కంటికి సరిపోయినట్టే ఉంటుంది, బిగిస్తే పట్టేస్తుంది. వాటిమీద అంకెలుంటాయి మామూలుగా. మన జీపువి ఎవడో ఎప్పుడో అరగదీసేశాడు. అలాంటప్పుడు గ్యారేజీల్లో ఉలితో చుక్కలు కొడతారు, ఒకటోదానికి ఒక చుక్క, రెండోదానికి రెండు. మీ నాన్న ఇనుముమీద దెబ్బ వెయ్యడు. గడియారాలవాడు కదా, చెయ్యిరాదు. లేచి మీ అమ్మ కుట్టుమిషను దగ్గరికెళ్ళి నాలుగు రంగుల దారాలు తెచ్చాడు. ఒకటోదానికి ఎరుపు, రెండుకి పసుపు, మూడుకి ఆకుపచ్చ, నాలుగుకి నీలం. రాడ్డుకో ముడి, క్యాపుకో ముడి. చూడ్డానికి బొమ్మల కొట్టులా ఉంది.

"పెళ్ళి చేస్తున్నావా బాబూ వాటికి?" అన్నాను.

"అలాంటిదే మామయ్యా, జంటలు మారకూడదు" అన్నాడు నవ్వుతూ.

లేతుషాపుకి పంపించి క్రాంకు సానబట్టించాడు, సిలిండర్లు తొలిపించాడు, కొత్త బేరింగులు తెచ్చాడు. మీ అమ్మ బట్టలు కుట్టడం ఆపి మధ్యమధ్య వచ్చి అతని పక్కన నిలబడేది. అతను చెయ్యి చాపేవాడు. తలెత్తి చూడ్డు, నోరు తెరిచి అడగడు. మీ అమ్మ అతని చేతిలో పానా పెట్టేది. సరైనదే పెట్టేది. ఒక్కసారంటే ఒక్కసారి "పద్నాలుగు-పదిహేనా?" అని అడగలేదు. నన్నయితే ప్రతిసారీ అడిగేది. అతన్ని అడగాల్సిన పనే లేదు దానికి.

అది చూశాక నాకు అన్నం సయించలేదు. ఎవరితో చెప్పుకుంటాను? కూతురు మొగుడికి పానా అందిస్తోందని కుళ్ళుకునే తండ్రిని ఎక్కడైనా చూశావా? ఇదిగో, నీ ముందున్నాడు.

షెడ్డు గుమ్మంలో ప్లాస్టిక్ కుర్చీ వేసుకుని కూర్చునేవాణ్ణి. వచ్చేపోయేవాళ్ళు నన్ను దాటుకుని లోపలికెళ్ళి చూసేవాళ్ళు. ఎదురింటి కరెంటు పనాయన ఒకరోజు, "అల్లుడుగారి జీపు ఎంతవరకొచ్చింది పెద్దాయనా?" అన్నాడు. అల్లుడుగారి జీపు! నా అరచేతులు చూడు, ఈ కాయలు దేనివల్ల వచ్చాయి? స్టీరింగు పట్టుకుని వచ్చాయి. మూడునెల్లు విప్పినవాడిది అయిపోయిందా, ముప్ఫై ఏళ్ళు నడిపినవాడిది కాకుండా పోయిందా?

అందుకని వంకలు పెట్టేవాణ్ణి. "ఆ బోల్టు అలా కాదు, ఇటునుంచి బిగించు" అనేవాణ్ణి. "అలాగే మామయ్యా" అనేవాడు. నేను చెప్పినట్టే బిగించేవాడు. నేను అటు లేచివెళ్ళగానే విప్పి, మళ్ళీ తనకి తెలిసినట్టు బిగించుకునేవాడు. కిటికీలోంచి చూశాను. ఎదురు చెప్పినా బాగుండేది. పోట్లాడుకోడానికి ఒక సందు దొరికేది.

ఒకరోజు మీ అమ్మ అతనితో అంటోంది, "నాన్నకీ ఏదో ఒక పని చెప్పండీ, పాపం ఊరికే కూర్చుంటున్నారు." పాపమట. ఆ మధ్యాహ్నమే మీ నాన్న నా ముందు కిరసనాయిలు బేసినూ బ్రష్షూ పెట్టాడు. "మామయ్యా, ఈ రాడ్లూ క్యాపులూ కడిగిపెట్టాలి. చాలా ముఖ్యం. ఒకటి విప్పి, కడిగి, తుడిచి, అదే దారం మళ్ళీ కట్టి, అప్పుడు రెండోది ముట్టుకోండి." డ్రైవర్ని తల్లీ నేను! అంట్లు తోమడానికి కూర్చోబెట్టాడు.

అయినా శ్రద్ధగానే కడిగాను. నిజం. ఒక్కోటి తళతళలాడేలా కడిగి, ఏ దారం దానికే కట్టి దుప్పటిమీద పెట్టాను. అంతటితో లేచి వెళ్ళిపోయుంటే ఈ కాగితం పనే ఉండేది కాదు.

లోపల మీ అమ్మ ఫోన్లో మాట్లాడుతోంది, వాళ్ళ పిన్నితో. "అయిపోవచ్చింది పిన్నీ. ఆయన కట్టేశాక మొట్టమొదట మీ ఇంటికే వస్తాం. ఆయన నడుపుతారు, నేను పక్కన కూర్చుంటాను. నాన్నకేముంది, వెనకసీట్లో కాళ్ళు చాపుకుని హాయిగా కూర్చుంటారు."

వెనకసీట్లో.

ఆ జీపులో నేనెప్పుడూ వెనక కూర్చోలేదు తల్లీ. వెనకనించి దాని ముందద్దం ఎలా కనిపిస్తుందో నాకు తెలీదు.

దుప్పటిమీద నాలుగు క్యాపులు, నాలుగు రంగులు. ఒకటోదాని ఎర్రదారం విప్పాను. రెండోదాని పసుపుదారం విప్పాను. ఎరుపు తీసి రెండోదానికి, పసుపు తీసి ఒకటోదానికి కట్టాను. రంగు చూసి ఎక్కడుండాలో అక్కడ పెట్టాను. అంతే. బీడీ వెలిగించి ఆర్పినంతసేపు కూడా పట్టలేదు.

భోజనాల దగ్గర మీ నాన్న అడిగాడు, "కిరసనాయిలుకి చేతులు మండలేదు కదా మామయ్యా?" అని. అప్పుడైనా చెప్పొచ్చు. "ఇంకొంచెం అన్నం పెట్టమ్మా" అన్నాను మీ అమ్మతో.

మర్నాడు గ్యారేజీ మేస్త్రి వచ్చాడు. వీధిలో సగంమంది షెడ్డు గుమ్మంలోనే. మీ నాన్న క్రాంకుని ఒంటివేలితో తిప్పి చూపించాడు, గడియారం ముల్లులా తిరిగింది. మేస్త్రి కనుబొమ్మలు లేచాయి. అప్పుడు ఒకటో పిస్టను దించి, ఎర్రదారం రాడ్డుకి ఎర్రదారం క్యాపు పెట్టి, బిగించి, తిప్పాడు. కదల్లేదు. వదులుచేశాడు, తిరిగింది. మళ్ళీ బిగించాడు, మళ్ళీ పట్టేసింది. మీ నాన్న మెడమీదినుంచి చెమట చుక్క జారి చొక్కా కాలరులోకి పోవడం చూశాను నేను.

మేస్త్రికి క్షణం పట్టలేదు. "క్యాపులు కలిపేశావయ్యా. ఇంజన్లు కట్టేవాడు ప్రాణం పోయినా చెయ్యకూడని పని ఇది. దారాలు కట్టి ఇంజను బిగిస్తారా ఎక్కడైనా? ఇదేమన్నా పూలమాలా?" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. ఆమాట కూడా రాయి.

అప్పుడడిగాడు మేస్త్రి, "ఎవరు కడిగారు వీటిని?" అని.

మీ నాన్న నావైపు చూడను కూడా లేదు. "నేనే కడిగాను" అన్నాడు.

"అయితే ఇంకేం చెప్పను? ఒకటి కలిపినవాడు మిగతావి కలపలేదని ఏంటి నమ్మకం? నీకు గడియారాలే మేలు" అని చేతులు దులుపుకుని వెళ్ళిపోయాడు.

ఏంటి, ఆపేశావేం? కళ్ళు తుడుచుకో. తిట్టాలనుంటే చివర్న తిట్టు, ముందిది కానీ.

నిజం చెప్పేశాక సగం నిజం ఎందుకు. ఆ పూట నాకు సంతోషమేసింది. సాయంత్రందాకా ఉంది ఆ సంతోషం. సాయంత్రం మీ నాన్న నా దగ్గరికొచ్చి, "మీ జీపుని పాడుచేశాను మామయ్యా, ఏమీ అనుకోకండి" అన్నాడు. మీ జీపు అన్నాడు. నాకు కావాల్సిన మాట అదే. తీరా చేతికొచ్చాక అది చేదుగా ఉంది.

ఆ వారమే అనుకుంటా, మీ అమ్మ కుట్టుమిషను చప్పుడు ఆగింది, మాటలు వినపడ్డాయి. "నాన్నని ఒక్కమాట అడగండి, ఏవి కలిశాయో" అంటోంది మీ అమ్మ. మీ నాన్నేమన్నాడో తెలుసా? "వద్దు. పెద్దాయన, చూపు ఆని ఉండదు. రంగులు పోల్చుకోలేకపోయుంటారు. అడిగితే ఆయన కుంగిపోతారు. ఎన్ని కలిశాయో, రెండో నాలుగో, ఇంకేవన్నా మారాయో. ఊరికే మార్చి మార్చి బిగిస్తే కొత్త బేరింగులు గీసుకుపోతాయి. వదిలెయ్."

చూశావా? తప్పు మీదేసుకున్నాడు, పైగా నన్ను గుడ్డివాణ్ణి చేశాడు! నాకు చూపు ఆనకపోవడమేంటి? ఇప్పటికీ సూదిలో దారం మీ అమ్మకి నేనే ఎక్కించి ఇస్తున్నానా లేదా? మొదట అతని చెవికి కుళ్ళుకున్నాను, తర్వాత చేతికి కుళ్ళుకున్నాను, ఆరోజునుంచి అతని మంచితనానికి కుళ్ళుకుంటున్నాను. జీపుమీద కుళ్ళయితే జీపు ఆగాక ఆగాలిగా. ఇది ఆగలేదు.

తర్వాత నీకు తెలిసిందే. ఇంజనుమీద టార్పాలిన్ కప్పేశాడు. దూరపు ఊళ్ళో ఏదో పెద్ద కొట్లో గడియారాలకి బ్యాటరీలు మార్చే పనికి చేరాడు. నెలకోసారి వస్తున్నాడు. వచ్చినప్పుడు షెడ్డువైపు వెళ్ళడు. మీ అమ్మ ఇంకో పానా ముట్టుకోలేదు. నాకు కావాల్సినట్టే జరిగింది, ఇప్పుడు ఎవరూ ఎవరికీ ఏమీ అందించడంలేదు.

నిన్న పొద్దున టార్పాలిన్ ఎత్తి చూశాను. దారాలు అలాగే ఉన్నాయి. నేనే మార్చి కట్టేద్దామా అనిపించింది, రెండు నిమిషాల పని. చెయ్యి పెట్టి వెనక్కి తీశాను. నేను గుట్టుగా సరిచేస్తే ఎల్లుండి ఆ ఇనుమువాడు ఎలాగూ పట్టుకుపోతాడు. ఒకవేళ మీ నాన్నే వచ్చి బిగించి చూసినా, ఏదో అదృష్టం బాగుండి తిరిగిందనుకుంటాడు. మేస్త్రి అన్నమాట అతని మెదడులోంచి పోదు. అందుకని దారాలు ముట్టుకోకుండా మేస్త్రి దగ్గరికి నడిచివెళ్ళాను. "కడిగింది నేను, కలిపింది నేను, తెలిసే కలిపాను" అన్నాను. "ఈ వయసులో ఇదేం బుద్ధి పెద్దాయనా?" అన్నాడు మేస్త్రి. చేతిలో టీ తాగేసి, "సరే, తిప్పి చూపించమను. మాటంటే మాటే" అన్నాడు. అదొక్కటే అడిగి తెచ్చుకోగలిగాను.

ఇక ఇక్కణ్ణుంచి మీ నాన్నతో నేనే మాట్లాడుతున్నట్టు రాయి.

బాబూ, ఎర్రదారమున్న క్యాపు నిజానికి రెండోదానిది. పసుపుదారమున్నది ఒకటోదానిది. ఆ రెండే. ఆకుపచ్చా నీలం కట్టినవి కట్టినట్టున్నాయి, పిస్టన్లూ రాడ్లూ దేన్నీ మార్చలేదు, నువ్వు పేర్చిన మిగతా సామానులో చిన్న వాషరు కూడా నేను కదపలేదు. నీ పద్ధతిలో లోపం లేదు. నీ దారాలు నిన్ను మోసం చెయ్యలేదు, నేను చేశాను. నా చూపు శుభ్రంగా ఉంది. చెయ్యి తప్పిందని మాత్రం నన్ను క్షమించకు, ఆ క్షమాపణ నాకొద్దు. తెలిసి చేశానని తెలుసుకుని, తర్వాత నీ ఇష్టం.

ఆ ఇనుమువాణ్ణి రావద్దను. సెలవు పెట్టి రా. తిరిగాక నువ్వే నడుపు, మా అమ్మాయి పక్కన కూర్చుంటుంది. నేను వెనక కూర్చుంటాను. కుళ్ళు పోయిందని మాత్రం అనుకోకు. పొద్దున అమ్మాయి నీతో ఫోన్లో మాట్లాడుతూ పకపకా నవ్వుతుంటే నా చేతిలో టీ చల్లారిపోయింది. వెనకనించి చూస్తూ గేర్లు సరిగా మార్చట్లేదని సణుగుతూనే ఉంటాను. వినీ విననట్టు ఊరుకో.

అయిపోయింది తల్లీ. పెన్ను మూతపెట్టు. ఇప్పుడే ఫోన్ చేసి, మీ నాన్నకి ఇది మొదటినుంచి చివరిదాకా చదివి వినిపించు. మందులు వేసుకున్నారా అని మధ్యలో అడిగితే, వేసుకున్నారని చెప్పి, ఆపకుండా చదువు.